పోస్టాఫీసు ఉద్యోగం: జీడీఎస్‌లో చేరాలా, సీజీఎల్ రాయాలా, పోస్ట్‌మ్యాన్ నోటిఫికేషన్ కోసం ఆగాలా?

"పోస్టాఫీసులో జాబ్ కావాలంటే ఏం చేయాలి?" అని అడిగేవాళ్లకు నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ జాబ్? బయటినుంచి చూస్తే అందరూ పోస్టాఫీసు వాళ్లే. కానీ పల్లెలో బ్రాంచి నడిపే బీపీఎం (బ్రాంచి పోస్ట్‌మాస్టర్), పట్నంలో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్, కౌంటర్ వెనక కూర్చునే పోస్టల్ అసిస్టెంట్, వీళ్ల ముగ్గురి అర్హత వేరు, ఎంపిక వేరు, జీతం వేరు, ముసలితనంలో చేతికొచ్చేది కూడా వేరు. నేను ముందు జీడీఎస్‌గా (గ్రామీణ డాక్ సేవక్, బీపీఎం కూడా ఇందులోదే) చేరి, తర్వాత పోస్ట్‌మ్యాన్ అయ్యి, ఇప్పుడు పోస్టల్ అసిస్టెంట్‌గా కౌంటర్లో ఉన్నాను. మూడు చోట్లా పనిచేశాను కాబట్టి, ఏది ఎవరికి సరిపోతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

అందరూ జీతంతో మొదలుపెడతారు. నా లెక్కలో మొదటి ప్రశ్న జీతం కాదు, నివాసం. ఈ శాఖలో కొన్ని ఉద్యోగాలు మిమ్మల్ని ఒక ఊరికి కట్టేస్తాయి, కొన్ని ఊరూరా తిప్పుతాయి. బీపీఎంగా ఎంపికైతే ఆ పోస్టాఫీసు ఉన్న ఊళ్లోనే కాపురం ఉండాలి, ఆఫీసుకు గది కూడా మీరే చూపించాలి. పోస్టల్ అసిస్టెంట్ అయితే కొన్నేళ్లకోసారి బదిలీ తప్పదు. సొంత ఊళ్లో పొలమో, కొట్టో, మంచాన పడ్డ తల్లిదండ్రులో ఉన్నవాళ్లకు మొదటిది వరం. పెళ్లి కావాల్సిన అమ్మాయికి, భర్తకు వేరే ఊళ్లో ఉద్యోగం ఉన్న ఇల్లాలికి అదే చిక్కుముడి అవుతుంది.

రెండోది, ఎంపిక దేన్నిబట్టి జరుగుతుందన్నది. జీడీఎస్‌కు పదో తరగతి మార్కులే సర్వస్వం, పరీక్ష ఉండదు. మిగతా వాటిలో చాలావాటికి పోటీ పరీక్ష తప్పదు. పదిలో మార్కులు తక్కువొచ్చినవాళ్లు ఇప్పుడెంత కష్టపడ్డా ఆ మెమో మారదు. పరీక్షయితే మళ్లీ మళ్లీ రాయొచ్చు.

మూడోది వయసు. నాలుగోది పెన్షన్, ప్రమోషన్లు. ఐదోది చాలామంది లెక్కలోకి తీసుకోనిది: చేతిలో ఆడే డబ్బు. పోస్టాఫీసంటే ఉత్తరాలు మాత్రమే కాదు, సగం బ్యాంకు. సాయంత్రం లెక్క తేలకపోతే తేడా మీ జేబులోంచే వెళ్తుంది. డబ్బు లెక్కంటే టెన్షన్ పడే స్వభావమైతే అది ముందే తెలుసుకోవడం మంచిది.

## ఒక చూపులో

| ఉద్యోగం | అర్హత | వయసు (జనరల్) | ఎంపిక | మూల వేతనం | 58% డీఏ కలిపితే |
|---|---|---|---|---|---|
| జీడీఎస్: ఏబీపీఎం (అసిస్టెంట్ బ్రాంచి పోస్ట్‌మాస్టర్), డాక్ సేవక్ | పదో తరగతి | 18–40 | పది మార్కుల మెరిట్ | రూ. 10,000 నుంచి | రూ. 15,800 |
| జీడీఎస్: బీపీఎం | పదో తరగతి | 18–40 | పది మార్కుల మెరిట్ | రూ. 12,000 నుంచి | రూ. 18,960 |
| ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్) | ప్రధానంగా లోపలివాళ్లకు | – | శాఖాపరమైన దారి | రూ. 18,000 | రూ. 28,440 |
| పోస్ట్‌మ్యాన్, మెయిల్ గార్డ్ | ప్రధానంగా లోపలివాళ్లకు | – | శాఖాపరమైన పరీక్ష | రూ. 21,700 | రూ. 34,286 |
| పోస్టల్ అసిస్టెంట్, సార్టింగ్ అసిస్టెంట్ | డిగ్రీ | 18–27 | ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) నడిపే డిగ్రీ స్థాయి పరీక్ష, సీజీఎల్ | రూ. 25,500 | రూ. 40,290 |
| ఇన్‌స్పెక్టర్ ఆఫ్ పోస్ట్స్ | డిగ్రీ | 18–30 | ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ | రూ. 44,900 | రూ. 70,942 |

డీఏ (కరువు భత్యం) 2025 జూలై నుంచి అమలైన రేటు. ఇంటి అద్దె అలవెన్సు, రవాణా అలవెన్సు ఇందులో కలపలేదు. అవి రెగ్యులర్ ఉద్యోగులకు ఊరిని బట్టి ఉంటాయి. వయసులో ఓబీసీలకు 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు ఉంది.

## జీడీఎస్: పూట పని, పూర్తి బాధ్యత

గ్రామీణ డాక్ సేవక్‌ను గురించి మొదట మింగుడుపడని మాట చెప్పాలి. ఇది రెగ్యులర్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాదు. ఒకప్పుడు వీళ్లను 'ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్' అనేవారు, పాతకాలం వాళ్లు ఇప్పటికీ 'ఈడీ' అనే పిలుస్తారు. వీళ్లకిచ్చేది జీతం కాదు, పని గంటలను బట్టి లెక్కగట్టే టీఆర్‌సీఏ అనే అలవెన్సు. రోజుకు నాలుగు గంటల పనిని లెక్కగట్టి బీపీఎంకు 12,000, ఏబీపీఎంకు, డాక్ సేవక్‌కు 10,000. ఐదు గంటల ఆఫీసైతే 14,500, 12,000. ఏటా 3 శాతం పెరుగుదల, పైన కేంద్రం డీఏ. ఈ రేట్లు కమలేష్ చంద్ర కమిటీ సిఫార్సుల మీద 2018లో వచ్చాయి. రెగ్యులర్ ఉద్యోగుల పే కమిషన్ జీడీఎస్‌లకు నేరుగా వర్తించదు, వాళ్లకు విడిగా కమిటీ వేస్తారు.

జీడీఎస్‌కు వేరే జీవనాధారం ఉండాలని నిబంధనల్లోనే రాసుంది. అంటే ఈ డబ్బు ఒక్కదానితోనే ఇల్లు గడవదని శాఖ కూడా ఒప్పుకున్నట్టే. కాబట్టి పొలం పనో, పాడో, కుట్టుమిషనో పక్కన ఉన్నవాళ్లకు ఇది చక్కగా అతుకుతుంది. శాఖ వ్యాపారానికి పోటీగా ఉండే పని మాత్రం చేయకూడదు.

మరి మంచి ఏముంది? సొంత ప్రాంతంలో గౌరవమైన స్థానం, 65 ఏళ్ల వరకు పని, కొన్నేళ్ల సర్వీసు తర్వాత శాఖాపరమైన పరీక్షలు రాసుకునే హక్కు. ఈ మూడోదే నాలాంటివాళ్లకు నిచ్చెన అయింది.

పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. పొద్దున అకౌంట్ ఆఫీసు (మన బ్రాంచి లెక్కలు చూసే పై పోస్టాఫీసు) నుంచి బ్యాగు వస్తుంది. సీలు చూసి విప్పి, జాబితాతో సరిచూసి, డేట్ స్టాంపు వేసి, పంపిణీకి వెళ్లేవి ఏబీపీఎంకు అప్పగించాలి. ఈలోగా గుమ్మంలో నలుగురు నిలబడి ఉంటారు. మా ఆఫీసుకు ఆధార్ మీద డబ్బు తీసుకోవడానికి ఒక పెద్దామె వచ్చేది. ఏళ్లపాటు మట్టి పని చేసి వేలి గీతలు అరిగిపోయాయి. బొటనవేలు పెడితే మిషన్ ఎర్రలైటు. చెమ్మగుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి, చూపుడు వేలు, మధ్య వేలు, మళ్లీ ఎడమచేయి. నాలుగోసారో ఐదోసారో పడేది. ఆ పది నిమిషాల్లో విసుక్కోకుండా ఉండగలిగినవాళ్లే బీపీఎంగా నిలబడతారు. వెనక వరుసలో ఉన్నవాళ్ల కేకలు, సిగ్నల్ పోయిన మిషన్, అన్నీ అప్పుడే. పేరుకు నాలుగు గంటలు, నిజానికి ఊళ్లో మీ ఇంటి తలుపు ఎప్పుడైనా తడతారు.

దీనికి తోడు టార్గెట్లు. ఆర్‌పీఎల్‌ఐ (గ్రామీణ పోస్టల్ బీమా) పాలసీలు, ఆర్‌డీలు, సుకన్య ఖాతాలు, పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెమ్మని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. తెచ్చినదానికి ఇన్సెంటివ్ వస్తుంది. మాటకారితనం, ఊళ్లో పరిచయాలు ఉన్నవాళ్లకు అదనపు ఆదాయం, మొహమాటస్తులకు నెలనెలా బరువు.

బీపీఎమా, ఏబీపీఎమా? రెండు వేలు ఎక్కువని కళ్లు మూసుకుని బీపీఎం పెట్టకండి. బీపీఎంకు ఆఫీసు గది, నగదు, లెక్కలు, అన్నిటి పూచీ. ఏబీపీఎంకు తిరుగుడు ఎక్కువ, తలనొప్పి తక్కువ. పరీక్షలకు చదువుకోవాలనుకునే కుర్రాళ్లకు నేను ఏబీపీఎం, డాక్ సేవక్ పోస్టులే చెబుతాను. ఊళ్లో సొంత ఇల్లుండి, అక్కడే స్థిరపడదామనుకునేవాళ్లకు బీపీఎం.

దరఖాస్తులో జాగ్రత్తలు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ పాసై ఉండాలి, తెలుగు పది వరకు చదివి ఉండాలి, సైకిల్ తొక్కడం, కంప్యూటర్ వాడకం వచ్చి ఉండాలి. ఇంటర్, డిగ్రీ, పీజీ ఎన్ని చదివినా అదనంగా మార్కు కలవదు. గ్రేడు పాయింట్లు మాత్రమే ఉన్న మెమో అయితే 9.5తో గుణించి మార్కులుగా మారుస్తారు. మార్కులు, గ్రేడ్లు రెండూ ఉంటే మార్కులే వేయాలి. ఇక్కడ చిన్న తప్పు దొర్లినా సర్టిఫికెట్ల పరిశీలనలో పేరు కొట్టేస్తారు.

ఒక విడతలో ఒక్క డివిజన్‌కే దరఖాస్తు చేయాలి, అందులోని పోస్టాఫీసులను ఇష్టం ప్రకారం వరుసలో పెట్టాలి. 2024 జూలై విడతలో దేశమంతటా 44,228 పోస్టులుంటే ఆంధ్రప్రదేశ్‌కు 1,355, తెలంగాణకు 981 వచ్చాయి. 2025 జనవరి విడతలో 21,413కి గాను ఆంధ్రప్రదేశ్‌కు 1,215, తెలంగాణకు 519. పోటీ అంత గట్టిగా ఉన్నప్పుడు సొంత మండలంలోని రెండు ఆఫీసులే పెట్టి ఊరుకుంటే అవకాశం సన్నగిల్లుతుంది. అలాగని వెళ్లి ఉండలేని ఊరిని పెట్టినా లాభం లేదు, అదే వచ్చి కూర్చుంటుంది, చేరకపోతే ఆ విడత చేజారినట్టే. జాబితాలో పెట్టే ప్రతి ఊరికీ బస్సు ఉందా, అద్దెకు గది దొరుకుతుందా అని కనుక్కుని పెట్టండి. మొదటి జాబితాలో పేరు లేదని దిగులు పడొద్దు. ఎంపికైనవాళ్లు చేరక తర్వాతి జాబితాలు వస్తూనే ఉంటాయి.

ఫీజు 100 రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు అదీ లేదు.

## పోస్ట్‌మ్యాన్, మెయిల్ గార్డ్, ఎంటీఎస్: బయటివాళ్లకు సన్నని తలుపు

చాలామందికి ఇష్టమైన ఉద్యోగం పోస్ట్‌మ్యాన్. రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగం, కేంద్ర వేతన పట్టికలో లెవల్ 3 వేతనం, సెలవులు, ప్రమోషన్ రాకపోయినా పదేళ్లకోసారి ఎంఏసీపీ పేరుతో వేతన స్థాయి పెరుగుదల, నేషనల్ పెన్షన్ సిస్టమ్ లేదా 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్. పని ఒంటికి శ్రమే. పొద్దున్నే బీట్ ప్రకారం సర్దుకుని, మధ్యాహ్నం ఎండలో తిరిగి, పంచినవి, తాళం వేసి ఉన్నవి, తిరస్కరించినవి అన్నీ ఫోన్ యాప్‌లో ఎక్కించి అప్పగించాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. సంచీలో ఉత్తరాలు తగ్గి పార్సిళ్లు పెరిగాయి. అయినా కౌంటర్ పనితో పోలిస్తే మనసుకు తేలిక. సాయంత్రం సంచీ ఖాళీ అయ్యాక ఇంటికి పని వెంట రాదు. నేను ఇప్పటికీ ఆ రోజుల్ని తలచుకుంటాను.

చిక్కల్లా చేరడంలోనే. ఈ పోస్టులు చాలావరకు లోపల ఉన్న జీడీఎస్‌లు, ఎంటీఎస్‌లతోనే నిండుతాయి, శాఖాపరమైన పరీక్ష ద్వారా. ఎంటీఎస్‌కైతే సీనియారిటీ మీద వెళ్లే జీడీఎస్‌లు కూడా ఉంటారు. అందుకే "పోస్ట్‌మ్యాన్ నోటిఫికేషన్ పడ్డాక చూద్దాం" అని ఖాళీగా కూర్చోవడం తప్పని గట్టిగా చెబుతున్నాను. '98,083 పోస్ట్‌మ్యాన్, మెయిల్ గార్డ్, ఎంటీఎస్ పోస్టులు' అనే వార్త ఏళ్లుగా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. దాన్ని నమ్మి మూడేళ్లు ఎదురుచూసిన కుర్రాణ్ణి నేను చూశాను. ఆ మూడేళ్లలో జీడీఎస్ వయసు పోలేదు గానీ, సర్వీసు మూడేళ్లు పోయింది.

మెయిల్ గార్డ్ పని ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీసు). విజయవాడ, హైదరాబాద్, గుంతకల్, తిరుపతి, విశాఖ లాంటి రైల్వే కేంద్రాల్లో. రాత్రి డ్యూటీలుంటాయి. పగటిపూట నిద్ర పట్టని ఒంటితత్వమైతే దూరంగా ఉండండి.

## పోస్టల్ అసిస్టెంట్, సార్టింగ్ అసిస్టెంట్: ఇప్పుడు డిగ్రీ కావాలి

ఇక్కడ పాత సమాచారం చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. ఒకప్పుడు ఇంటర్‌తో, ఎస్‌ఎస్‌సీ వాళ్ల ఇంటర్ స్థాయి పరీక్ష సీహెచ్‌ఎస్‌ఎల్ ద్వారా ఈ పోస్టులు వచ్చేవి. 2022 నుంచి ఇవి సీజీఎల్‌లోకి వెళ్లాయి, డిగ్రీ తప్పనిసరి అయింది. ఇంటర్ అయిపోయి ఇదే లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లు డిగ్రీ ఆపకండి.

సీజీఎల్ టైర్ 1లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, గంట సమయం. తప్పు జవాబుకు అర మార్కు కోత. రీజనింగ్, జనరల్ నాలెడ్జ్, లెక్కలు, ఇంగ్లిష్. టైర్ 2లో వీటితోపాటు కంప్యూటర్ పరిజ్ఞానం, డేటా ఎంట్రీ పరీక్ష. తెలుగు మీడియంవాళ్లకు అసలు గోడ ఒకటుంది: ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. లెక్కలు బాగా వచ్చిన కుర్రాళ్లు కూడా ఇంగ్లిష్ సెక్షన్ దగ్గర జారిపోతుంటారు. సీజీఎల్ అనుకుంటే మొదటి ఆరు నెలలు లెక్కల కోచింగ్ కంటే ఇంగ్లిష్ మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

పోటీ కూడా సామాన్యం కాదు. సీజీఎల్ అంటే ఇన్‌కమ్ టాక్స్, ఆడిట్, జీఎస్టీ అన్నిటికీ కలిపి ఒకే పరీక్ష. అందులో పోస్టల్ అసిస్టెంట్ కింది వేతన స్థాయి, అందుకే పై ర్యాంకులవాళ్లు వేరేవి ఎంచుకుంటారు. మీకు నిజంగా పోస్టాఫీసే కావాలంటే ప్రాధాన్యాల జాబితా నింపేటప్పుడు జాగ్రత్త. సొంత రాష్ట్రం సర్కిల్ కోరుకోవచ్చు గానీ అదే వస్తుందన్న హామీ లేదు.

పని సంగతి. కౌంటర్లో పొదుపు ఖాతాలు, సర్టిఫికెట్లు, స్పీడ్ పోస్టు బుకింగ్, బీమా ప్రీమియం, కొన్ని చోట్ల ఆధార్. పొద్దున నుంచి తల ఎత్తే తీరిక ఉండదు. సాయంత్రం నగదు లెక్కలో రూపాయి తేడా వచ్చినా ఇంటికి కదలలేం. ఒక రోజు నాకు రెండు వేలు తక్కువొచ్చాయి. ఒక్కో వోచరూ రెండుసార్లు తిరగేసి, చివరికి ఒక విత్‌డ్రాయల్‌లో ఐదొందల నోట్లు నాలుగు ఎక్కువ లెక్కపెట్టి ఇచ్చానని తేలింది. ఖాతాదారు మర్నాడు పొద్దున్నే తనే తెచ్చిచ్చాడు. అందరూ అలా తెచ్చివ్వరు. ఇద్దరు ముగ్గురున్న ఆఫీసులో పక్కవాళ్ల ఆసరా ఉంటుంది. ఒక్కరే నడిపే సబ్ పోస్టాఫీసులో పడితే సెలవు దొరకడం కూడా గగనమే.

సార్టింగ్ అసిస్టెంట్‌కు ఖాతాదారుల గొడవ, నగదు భయం ఉండవు. బదులుగా షిఫ్టులు, రాత్రిళ్లు. జనంతో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లకు అదే నయం.

## ఇన్‌స్పెక్టర్ ఆఫ్ పోస్ట్స్

అదే సీజీఎల్, లెవల్ 7. ఒక సబ్ డివిజన్‌లోని ఆఫీసుల తనిఖీ, జీడీఎస్‌ల వ్యవహారాలు, మోసాల విచారణ ఇతని పని. చేరిన రోజునుంచే అధికారం, వెంటే తిరుగుడు, టార్గెట్ల ఒత్తిడి. లోపల పనిచేసేవాళ్లు శాఖాపరమైన పరీక్ష రాసి కూడా ఇక్కడికి చేరొచ్చు.

## పక్క దారులు

స్పోర్ట్స్ కోటా ఒకటి: 2023లో పోస్టల్ అసిస్టెంట్ నుంచి ఎంటీఎస్ దాకా కలిపి 1,899 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. రాష్ట్ర, జాతీయ, యూనివర్సిటీ స్థాయిలో ఆడిన సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నవాళ్లు దీన్ని మరచిపోకూడదు. పదో తరగతితోపాటు లైట్, హెవీ లైసెన్సు, మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు స్టాఫ్ కార్ డ్రైవర్ పోస్టులు, లెవల్ 2లో, సర్కిల్‌వారీగా పడుతుంటాయి. పోస్టల్ బీమా ఏజెంట్‌గా చేరడం కూడా కుదురుతుంది, అయితే అది కమీషన్ పని, ఉద్యోగం కాదు.

## మీ పరిస్థితి ఇదైతే

పదిలో 95 శాతం దాటి, 18–20 ఏళ్ల వయసు. జీడీఎస్ వేయండి, ఏబీపీఎం పోస్టులు పైన పెట్టండి. డిగ్రీ మాత్రం దూరవిద్యలోనైనా కొనసాగించండి. పూట పని, పూట చదువు. రెండు దారులూ తెరిచి ఉంటాయి: లోపలి పరీక్షలు, బయట సీజీఎల్. డిగ్రీ ఉన్న జీడీఎస్‌లకు ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు 2024లో 344 ఎగ్జిక్యూటివ్ పోస్టులు ఇచ్చింది, నెలకు 30,000 రూపాయలతో. జీడీఎస్ వేసిన పునాదిని చదువు మానేసి పాడుచేసుకున్నవాళ్లే ఎక్కువ. చేరిన మొదటి ఏడాది జీతం చేతికొచ్చేసరికి పుస్తకం మూలపడుతుంది, పదేళ్లు గిర్రున తిరుగుతాయి.

పది మార్కులు 80 లోపు, డిగ్రీ ఉంది, వయసు 24. జీడీఎస్ మీద ఆశ పెట్టుకోకండి, దరఖాస్తు వేసి మరచిపోండి. మూడేళ్లు సీజీఎల్ మీదే ఉండండి.

వయసు 30 దాటింది, ఊళ్లో కొంచెం పొలమో వ్యాపారమో ఉంది. జీడీఎస్ ఉద్యోగం మీలాంటివాళ్ల కోసమే ఉన్నట్టుంటుంది. మార్కులు సరిపోతే బీపీఎం. అదనపు ఆదాయం, ఊళ్లో మాట చెల్లుబాటు రెండూ వస్తాయి. కానీ రెగ్యులర్ పెన్షన్ లేదన్నది గుర్తుంచుకుని మొదటి నెల నుంచే సొంతంగా దాచుకోవాలి. జీడీఎస్‌కు చివర్లో వచ్చే గ్రాట్యుటీ, డిశ్చార్జ్ బెనిఫిట్ వృద్ధాప్యానికి చాలవు.

పెళ్లి కావాల్సిన అమ్మాయి. పుట్టింటి ఊళ్లోని బీపీఎం పోస్టు చూడ్డానికి బాగుంటుంది. పెళ్లయ్యాక బదిలీ అడగొచ్చు, కానీ అది పరిమితంగా, ఖాళీని బట్టి దొరికేది. సంబంధాలు చూస్తున్న దశలో ఉంటే పట్టణానికి దగ్గరగా ఉండే డాక్ సేవక్ పోస్టులు పైన పెట్టుకోవడం నయం. రాకపోకలకైనా వీలుంటుంది.

ఇంటికి ఒక్కరే సంపాదించాలి, వెంటనే డబ్బు కావాలి. జీడీఎస్ పదహారు, పంతొమ్మిది వేలతో అద్దె ఇంట్లో కుటుంబం నడవదు. ప్రైవేటు ఉద్యోగం వదిలి వస్తామంటే నేను వద్దనే అంటాను, ఆ ఊళ్లోనే రెండో ఆదాయం ఏదో ముందు చూసుకుంటే తప్ప.

## చేరేముందు

నోటిఫికేషన్‌ను జీఓవీ డాట్ ఇన్‌తో ముగిసే అధికారిక సైట్లలోనే చూడండి. జీడీఎస్‌కు పరీక్ష, ఇంటర్వ్యూ లేవు. "ఇంటర్వ్యూలో మార్కులు వేయిస్తా, లక్ష ఇవ్వు" అన్నవాడు మోసగాడని అక్కడే తేలిపోతుంది. ఎంపికైతే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, పేరు సైట్లోని జాబితాలో కనిపిస్తుంది.

పరిశీలనకు వెళ్లేటప్పుడు అసలు పది మెమో, కుల ధ్రువీకరణ, ప్రభుత్వ ఆసుపత్రి నుంచి మెడికల్ సర్టిఫికెట్, రెండు సెట్ల నకళ్లు పట్టుకెళ్లండి. ఓబీసీ అభ్యర్థులు కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న సర్టిఫికెటే తీసుకోవాలి. రాష్ట్ర నమూనాది పట్టుకుని వచ్చి చివరి రోజు తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లు ప్రతి విడతలోనూ ఉంటారు.

ఇక చేరాక మొదటి రోజునుంచే ఒకటి పాటించండి. ఎంత తెలిసినవాళ్లైనా, ఊరి పెద్దైనా, "రేపు పాస్‌బుక్ తెస్తా, ఈ డబ్బు ఉంచు" అంటే తీసుకోవద్దు. పాస్‌బుక్‌లో ఎంట్రీ, చేతిలో రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా సొరుగులోకి వెళ్లకూడదు. మంచితనంతో అలా తీసుకుని, మర్చిపోయి, లెక్క తేలక 'పుట్ ఆఫ్ డ్యూటీ' (విధుల నుంచి పక్కన పెట్టడం) అయినవాళ్లలో దొంగలు కానివాళ్లు చాలామందే ఉన్నారు.